మెకానిక్‌కి రాసిచ్చిన చీటీ

మా ఊళ్ళో కారుని బాగా చూసుకోవడం అంటే రెండే పనులు. ఒకటి, నీళ్ళు కొట్టి తుడవడం. రెండు, దసరాకి పసుపు రాసి, గుమ్మడికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించడం. ఈ రెండూ చేశాక ఆ బండికి ఇంకేమీ కాదని అందరి నమ్మకం. బానెట్ ఎత్తి చూసేవాడు పిరికివాడు. ఎత్తేది ఆడది అయితే ఆవిడకి చాదస్తం. నర్సీపట్నంలో ఇరవై రెండేళ్ళుగా కాపురం ఉంటున్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. ఎవరేమనుకున్నా అనుకోనీ.

నేను సైన్సు టీచర్ని. చింతపల్లి దాటాక ఏజెన్సీ పిల్లలు చదివే ఒక బడిలో నా పని. బస్సు నమ్ముకుంటే వారానికి మూడు రోజులు మొదటి పీరియడు పోయేది. పిల్లలు కొండ దిగి నడిచి వచ్చి నాకోసం కూర్చుంటే, నేను బస్టాండులో నిలబడి ఉండేదాన్ని. అది భరించలేక నలభై రెండో ఏట డ్రైవింగు నేర్చుకున్నాను. నా జీతం మీద లోను పెట్టి చిన్న కారు కొన్నాను. బడి నుంచి ఇంకో ఇద్దరు నాతో రావడం మొదలుపెట్టారు. ఒకరు రిటైర్మెంటుకి దగ్గర పడ్డ లెక్కల మేస్టారు, రెండో ఆమె కొత్తగా పెళ్ళయిన తెలుగు టీచరు. ముగ్గురం రోజూ పొద్దున్న లంబసింగి ఘాట్ ఎక్కి, సాయంత్రం దిగేవాళ్ళం.

ఘాట్ రోడ్డు మీద ఇంకో ఇద్దరి ప్రాణాలు నా చేతిలో పెట్టుకున్నాక బండి సంగతి నేనే చూసుకోవాలని గట్టిగా అనుకున్నాను. పొద్దున్న అయిదున్నరకి, ఇంజను చల్లగా ఉండగానే బానెట్ ఎత్తేదాన్ని. పాత జాకెట్టు గుడ్డతో ఆయిలు పుల్ల తుడిచి, మళ్ళీ ముంచి, ఎంతవరకు తడిసిందో చూసేదాన్ని. కూలెంటు డబ్బా, బ్రేకాయిలు డబ్బా, టైర్లు. సోమవారం గాలి కొలిచేదాన్ని. వీధి చివర ఒకసారి బ్రేకు తొక్కి చూసి అప్పుడు మెయిన్ రోడ్డు ఎక్కేదాన్ని. అంతా కలిపి పది నిమిషాల పని. ఎదురింటి ఆయన పళ్ళు తోముకుంటూ ప్రహరీ మీంచి రోజూ ఒకటే మాట అనేవాడు.

“ఏటి టీచరమ్మా, బండికి జొరమొచ్చిందా?”

మొదట్లో నవ్వేదాన్ని. ఏడాది తరవాత నవ్వడం మానేశాను. అయినా ఆయన మానలేదు.

మా ఆయనకి ఎరువుల కొట్టు ఉంది. గొలుగొండ వైపు చెరకు రైతులందరూ ఆయనకి తెలుసు. మంచివాడని ఊరంతా అంటారు. ఆదివారం నాకు సెలవు కాబట్టి కారు ఆయనది. చలికాలం వచ్చిందంటే నక్కపల్లి నుంచో, ఇంకెక్కడి నుంచో స్నేహితులు దిగుతారు, లంబసింగి మంచు చూడాలని. వాళ్ళని ఎక్కించుకుని పైకి తీసుకెళ్తాడు. వచ్చేటప్పుడు ఘాట్ మొదట్లోనే ఇంజను ఆపేసి, న్యూట్రల్‌లో పెట్టి, కింద డౌనూరు దాకా జారుకుంటూ వచ్చేస్తాడు. మా వైపు మగాళ్ళకి ఇదొక విద్య. జీపులవాళ్ళు, ఆటోలవాళ్ళు, కార్లవాళ్ళు అందరూ చేస్తారు. చుక్క పెట్రోలు ఖర్చు కాకుండా ఎంత దూరం వచ్చామో టీ కొట్టు దగ్గర చెప్పుకుంటారు.

ఒకసారి నేను కూడా వెనక సీట్లో ఉన్నాను. భయమేసి చెప్పాను.

“ఏవండీ, ఇంజను ఆపితే బ్రేకు గట్టిపడిపోతుంది. న్యూట్రల్‌లో దింపితే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. రెండో గేరులో దించండి.”

ఆయన ముందు సీట్లో ఉన్న స్నేహితుడి వైపు చూసి నవ్వాడు.

“నువ్వు పుస్తకం సూసి నడుపుతావు, నాను సేత్తో నడుపుతాను. మా నాన్న ఇరవయ్యేళ్ళు జీపు ఇలాగే దింపేడు.”

మా మామగారి జీపు ఎన్నిసార్లు పొలాల్లో పడిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. స్నేహితుడి ముందు ఎందుకులే అని ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకు ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మూడు నెలలకోసారి, రెండో శనివారం నాడు, బలిఘట్టం వెళ్ళే రోడ్డులో ఉన్న షెడ్డుకి కారు తీసుకెళ్ళేదాన్ని. మెకానిక్ మా ఆయనకి చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. అతని పనితనం మీద నాకు అనుమానం ఉండేది కాదు. ఏం చేయాలో ఒక చీటీ మీద శుభ్రంగా రాసి ఇచ్చేదాన్ని. ఇంజనాయిలు, దాని ఫిల్టరు మార్చాలి. ఎయిర్ ఫిల్టరు దులపాలి. నాలుగు చక్రాలూ విప్పి బ్రేకులు చూడాలి, ప్యాడ్లు అరిగితే మార్చాలి. పాత బ్రేకాయిలు మొత్తం తీసేసి కొత్తది పోయాలి. అతను ఆ చీటీని రెండు చేతులతో తీసుకుని జేబులో పెట్టుకునేవాడు.

నేను అక్కడే ఉండి చూడాలనుకునేదాన్ని. ఆ షెడ్డులో ఒకటే బల్ల. దాని మీద నలుగురు మగవాళ్ళు ఎప్పుడూ కూర్చునే ఉంటారు. బండి పని ఉన్నా లేకపోయినా వస్తారు, పేపరు చదువుతారు, రాజకీయాలు మాట్లాడతారు. నన్ను చూసి లేవరు, కాళ్ళు కూడా ముడవరు. మెకానిక్ ఇబ్బందిగా తల గోక్కుని అనేవాడు.

“మీరు ఇంటికెల్లిపోండి మేడమ్. ఇక్కడ మగోల్లు కూకుంటారు. బేగి సేసేసి బండి నానే పంపించేత్తాను.”

మా ఊళ్ళో ఆడవాళ్ళు షెడ్డు దగ్గర కూర్చోరు. అలా ఎక్కడా రాసి లేదు, ఎవరూ కూర్చోరు అంతే. నేనూ వెళ్ళిపోయేదాన్ని. సాయంత్రానికి కారు తళతళలాడుతూ ఇంటి ముందుకి వచ్చేది. చక్రాలు కూడా కడిగి, టైర్లకి నల్లరంగు పట్టించి ఉండేవి. డబ్బు సంగతి మా ఆయనా మెకానికూ కొట్లో చూసుకునేవారు. రాత్రి అన్నం తింటూ మా ఆయన అడిగేవాడు.

“రాసినవన్నీ సేయించేవా?”

“చేయించాను.”

“మంచిది” అని తలూపేవాడు.

రెండేళ్ళు ఇలా గడిచింది. మొన్నటి వానాకాలంలో బ్రేకు తొక్కితే ముందు చక్రాల దగ్గర కీచుమని శబ్దం మొదలైంది. ఈసారి చీటీలో ఆ సంగతి అన్నిటికంటే పైన రాసి, కింద గీత కూడా గీశాను. వానకి బురద పట్టేసిందని, కడిగేశానని కబురు వచ్చింది. ఆదివారం మా ఆయన కూడా నడిపి చూసి ఏమీ లేదన్నాడు. మర్నాడు పొద్దున్న బానెట్ ఎత్తి చూస్తే బ్రేకాయిలు డబ్బా పై గీత దాకా నిండుగా ఉంది. అది చూసి మనసు కుదుటపడింది. ప్యాడ్లు అరిగే కొద్దీ ఆ డబ్బాలో ఆయిలు కిందికి దిగుతుందనీ, దిగినప్పుడు ప్యాడ్లు చూసుకోవాలి గాని ఊరికే నింపేయకూడదనీ నాకు అప్పటికి తెలియదు. పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని, నాకు తెలిసి ఉండాల్సింది.

వారం తిరక్కుండా అది జరిగింది. బడి అయ్యాక ముగ్గురం బయల్దేరాం. తెలుగు టీచరుకి అప్పుడు ఏడో నెల. ఇంకో పది రోజుల్లో సెలవు పెట్టబోతోంది. వెనక సీట్లో దిండు పెట్టుకుని కూర్చుంది. మేస్టారు నా పక్కన. వాన లేదు, రోడ్డు ఆరిపోయి ఉంది. అక్కడ వాలు తక్కువ కాబట్టి మూడో గేరులో మెల్లగానే దిగుతున్నాను. పైనున్న మలుపుల్లో ఇనుము రాసుకున్నట్టు గరగరమని శబ్దం వచ్చింది. రోడ్డు వెడల్పుగా ఉన్న చోట ఆపి చూద్దామనుకున్నాను. అనుకుంటూనే ఇంకో మలుపులో బ్రేకు తొక్కాను. పెడలు అడ్డూ ఆపూ లేకుండా నేల దాకా వెళ్ళిపోయింది.

మళ్ళీ తొక్కాను. మళ్ళీ నేల దాకా. రెండో గేరులోకి లాగితే ఇంజను గట్టిగా అరిచింది. మేస్టారు తలుపు పిడి పట్టుకుని, “దూకేద్దాం, దూకేద్దాం” అంటున్నారు. ఆయన దూకితే ఆయన సంగతి ఆయనది. వెనకున్న పిల్ల ఎలా దూకుతుంది? “తలుపు వదలండి” అని ఆయన మీద గట్టిగా అరిచాను. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ. మొదటి గేరులోకి వేసి, హ్యాండు బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ, కొండ వైపు కాలవలోకి ఎడమ చక్రాలు దింపేశాను. కారు పొడుగునా రాయికి రాసుకుంటూ వెళ్ళి ఆగింది.

తెలుగు టీచరు నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, “కదల్లేదు మేడమ్, లోపల కదల్లేదు” అంటోంది. ఆ మాట ఈ రోజుకీ నా చెవుల్లో ఉంది.

వెనకాలే పసుపు బస్తాలతో దిగుతున్న జీపు ఆగింది. అందులోంచి దిగిన కొండవాళ్ళు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఇద్దరు చక్రాల కింద రాళ్ళు పెట్టారు. ఒకామె తెలుగు టీచరుకి నీళ్ళు తాగించి, అరికాళ్ళు రుద్దింది. బస్తాలు సగం రోడ్డు పక్కన దింపేసి మమ్మల్ని ఎక్కించుకున్నారు. నర్సీపట్నం ఆస్పత్రికి వచ్చేదాకా ఆమె ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. స్కానింగులో బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని డాక్టరు చెప్పారు.

మర్నాటికి ఊళ్ళో కథ తయారైపోయింది. ఘాట్‌లో ఆడది బండి తోలితే ఇంకేమవుతుంది అని. ఎదురింటాయన ప్రహరీ మీంచి ఈసారి జ్వరం గురించి అడగలేదు, జాలిగా చూశాడు. ఆ జాలికంటే జ్వరమే నయం. బడిలో మేస్టారు అందరికీ చెప్పారట.

“మేడమ్‌గారు కంగారు పడిపోయేరండి. నాను పక్కనుండబట్టి సరిపోయింది.”

తలుపు తీసి దూకబోయిన మనిషి ఆ మాట అన్నాడని తెలిసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా అప్పటికి నాకూ లోపల ఒక పురుగు తొలుస్తోంది. నిజంగా నా తప్పేనేమో, శబ్దం వచ్చిన మొదటి మలుపులోనే ఆపాల్సిందేమో అని. రాత్రి నిద్ర పట్టేది కాదు. మా ఆయన ఆ రెండు రోజులూ నా మీద చెయ్యి వేసి, “పోనీలే, ఎవరికీ ఏటీ కాలేదు గదా. ఇంక బండి నడపకు” అని ఓదార్చాడు.

మూడో రోజు సెలవు పెట్టి షెడ్డుకి వెళ్ళాను. లాక్కొచ్చిన కారు అక్కడే ఉంది. బల్ల మీద నలుగురూ ఉన్నారు. నేను వెళ్ళి ఆ బల్ల చివర కూర్చున్నాను. ఒకాయన గబుక్కున లేచి నిలబడ్డాడు. ముందు చక్రం విప్పమన్నాను. మెకానిక్ సాయంత్రం విప్పుతానన్నాడు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటానన్నాను. అతను నా వైపు చూడకుండా జాకీ తెచ్చి, చక్రం విప్పాడు.

ప్యాడ్ అని చెప్పడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. వెనకాల ఉండే ఇనప రేకు ఒక్కటే ఉంది. అది చక్రంతో పాటు తిరిగే డిస్కుని చెక్కేసి గాట్లు పెట్టింది. బ్రేకాయిలు తీయించాను. కాఫీ డికాషన్ రంగులో బయటికొచ్చింది. రెండేళ్ళలో ఒక్కసారి కూడా పూర్తిగా తీయలేదన్న మాట. పాతబడి నీరు పట్టిన ఆయిలు, ఘాట్‌లో ఇనుము ఇనుముకి రాసుకున్న వేడికి లోపల మరిగిపోయింది. అందుకే పెడలు జారిపోయింది.

“నేను రాసిచ్చిన చీటీలు ఏం చేశావు?” అని అడిగాను.

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

“నా మీద కోప్పడకండి మేడమ్. సారే సెప్పేరండి. మీరు బండి ఒదిలెల్లిన పది నిముసాలకి ఫోను సేసీవోరు. ఆవిడ రాసినవన్నీ సెయ్యక్కర్లేదురా, ఆవిడికి బయమెక్కువ, కనపడినవి సేసి కడిగిచ్చీ అనీవోరండి.”

కనపడినవి. ఇంజనాయిలు నేను పుల్ల తీసి చూస్తాను కాబట్టి మార్చాడు. ఎయిర్ ఫిల్టరు చూస్తాను కాబట్టి దులిపాడు. బ్రేకాయిలు డబ్బా చూస్తాను కాబట్టి, దిగినప్పుడల్లా పైన కొత్తది పోసి నింపాడు. చక్రం లోపల ఏముందో నేను చూడలేను కాబట్టి, అక్కడ చెయ్యి పెట్టలేదు. బల్ల మీద వాళ్ళు ముగ్గురూ పేపరు చదువుతున్నట్టు తలలు దించుకున్నారు. వాళ్ళలో ఒక్కడికీ ఆశ్చర్యం లేదు. వాళ్ళకి ముందే తెలుసు. ఆ ఫోను వచ్చినప్పుడల్లా ఈ షెడ్డులో నా చీటీ చదివి నవ్వుకుని ఉంటారు.

ఇంటికి వచ్చి మా ఆయన్ని అడిగాను. బుకాయించలేదు. బుకాయించినా కొంత నయంగా ఉండేదేమో.

“అంత పెద్ద లిస్టేటి? కొత్త బండికి చక్రాలు ఇప్పుతారా ఎవలైనా? నా ముందే ఆడు నవ్వుతన్నాడు, మీ ఆవిడ మెకానిక్ అయిపోయిందేటి సార్ అని. నా పరువేటవ్వాల?”

“మన పిల్లని నెల కిందట ఇదే కారులో అనకాపల్లి కాలేజీలో దింపి వచ్చాను. నువ్వు వెనక సీట్లో పడుకుని నిద్రపోయావు” అన్నాను. ఆయన్ని మీరు అనకుండా నువ్వు అనడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆయన గమనించాడు. ఆ మాటకే నొచ్చుకున్నాడు.

మరో రెండు రోజులకి తెలుగు టీచరు అత్తగారు మా ఇంటికి వచ్చారు. పెద్దావిడ, గొడవ పెట్టుకునే మనిషి కాదు. కాఫీ ఇచ్చాను, పుచ్చుకున్నారు. మా ఆయన అక్కడే కుర్చీలో ఉన్నాడు.

“మరోలా అనుకోకమ్మా. కానుపయ్యాక మా కోడల్ని నీ బండిలో పంపనమ్మా. ఆడోల్లకెందుకమ్మా ఆ ఘాటీలో బండి? నువ్వూ మానీ.”

మా ఆయన వెంటనే అందుకున్నాడు.

“నానూ అదే సెప్తన్నానండి.”

నేను ఆయన మొహంలోకి చూశాను. ఇప్పుడైనా చెప్తాడని చూశాను. ఈవిడ తప్పు కాదండి, నేనే బ్రేకులు మార్చొద్దన్నానండి అని ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్క చెప్తే మిగతావన్నీ నేను మింగేసేదాన్ని, ప్రమాణం చేసి చెప్తున్నాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కాఫీ తాగుతున్నాడు.

అప్పుడు నేనే చెప్పాను. చీటీలు, ఫోను, డబ్బా నింపడం, ఇనప రేకు, అన్నీ వరస తప్పకుండా చెప్పాను. “మీ మనవడో మనవరాలో లోయలో పడకుండా ఆగింది నేను నడపడం వల్లే. పడబోయింది ఈయన ఫోను వల్ల” అన్నాను.

పెద్దావిడ గ్లాసు కింద పెట్టి, లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని నా వైపే తిరిగారు.

“ఎంత జరిగినా మొగుడి మాట ఇలాగ బయటెడతారేటమ్మా?”

ఆయన్ని ఒక్క మాట అనలేదు. వెళ్తూ వెళ్తూ ఆయనకే నమస్కారం పెట్టి వెళ్ళారు.

బ్రేకులు పూర్తిగా కొత్తవి వేయించాను. రోజంతా ఆ బల్ల మీదే కూర్చుని, విప్పినవి విప్పినట్టు చూశాను. ఇప్పుడు ఘాట్ ఒక్కదాన్నే ఎక్కుతున్నాను, ఒక్కదాన్నే దిగుతున్నాను. మేస్టారు బస్సులో వస్తున్నారు, వారానికి మూడు రోజులు మొదటి పీరియడు పోగొట్టుకుంటున్నారు.

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఆయన స్నేహితులు ముగ్గురు స్వెట్టర్లు వేసుకుని దిగారు. మంచు చూడాలట. ఆయన నవ్వుకుంటూ వంటింట్లోకి వచ్చి చెయ్యి చాపాడు, ఎప్పుడూ చాపినట్టే.

“తాళాలియ్యి.”

“ఇవ్వను” అన్నాను.

వినపడలేదేమోనని మళ్ళీ అడిగాడు. “ఇవ్వను, బస్సులో తీసుకెళ్ళండి” అని వరండాలో ఉన్నవాళ్ళకి కూడా వినపడేటట్టు చెప్పాను. ఆయన మొహం జేవురించింది. మెడ నరాలు ఉబ్బాయి. చేతికందిన స్టీలు గ్లాసు తీసి గోడకేసి కొట్టాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయనకి అంత కోపం రావడం నేను చూడలేదు. ఘాట్‌లో నేను చచ్చిపోబోయానని విన్న రోజున కూడా ఆయనకి అంత కోపం రాలేదు.